తడి ఆరని కుర్చీలు

పులివెందులలో ఆమె సమాధి కార్యక్రమం అయిపోయి ఇంటికొచ్చాక, వసారాలో కాఫీ తాగుతూ ఆమె అన్న కొడుకు నాతో అన్నాడు: "మా అత్తకు పాలిష్ పిచ్చి మేడం. జమ్మలమడుగులో ఉన్నెప్పుడు కుర్చీలు, బల్లలు, ఆకరికి మా మామ శవప్పెట్టెను గూడా ఇడ్సిపెట్టల్యా." చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. చావింట్లో నవ్వకూడదని నేనేమీ అనను. నిండు వయసులో, ఎవరి చేతా చాకిరీ చేయించుకోకుండా పోయింది. నవ్వుకోవచ్చు. కానీ ఆ మాటకు నాకు ఒళ్ళు మండింది. ప్రొద్దుటూరు బస్సెక్కినప్పటి నుంచి దిగేదాకా ఆ అబ్బాయితో మనసులో పోట్లాడుతూనే వచ్చాను.

ఆమెకు పాలిష్ పిచ్చి లేదు. ఆమె మొగుడు తాగేవాడు. ఆ వాసన బయటికి తెలియకుండా ఉండటానికి ఆమె పాలిష్ పెట్టేది. విషయం ఇంతే. ఇప్పుడు ఇద్దరూ లేరు, ఆయన పనిచేసిన బడీ మూతపడింది. చెప్పినందువల్ల ఎవరి ఉద్యోగమూ పోదు.

నేను టీచరుగా కొత్తగా జమ్మలమడుగు వెళ్ళేనాటికి కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి ఎంతో కాలం కాలేదు. మా జిల్లాలో అంతకు చాలా ముందు నుంచే మద్యనిషేధం ఉండేది. ఆమె భర్త మా బడికి హెడ్మాస్టరు. బడి ఇచ్చిన ఇంట్లో వాళ్ళిద్దరే ఉండేవారు, పిల్లల్లేరు. పక్కనున్న గది నాకిచ్చారు. ఊరంతా ఆయన్ని అయ్యవారనీ, ఆమెను అయ్యవారమ్మనీ పిలిచేది. నేను మాత్రం ఆమెను అక్కా అనేదాన్ని.

పొడుగాటి మనిషి. కొంగు నడుముకు బిగించి, కుర్చీని బోర్లా పడేసుకుని, దాని ముందు నేల మీద చతికిలబడేది. పాత చీరె పేలికలో దూది ఉండ పెట్టి మూతి బిగించి, లక్క కరిగించిన స్పిరిట్‌లో తడిపి, చెక్క గీత వెంబడి ఒకే విసురున లాగేది. ఎడమచేత్తో చెమట తుడుచుకునేది. కుడిచేతి వేళ్ళు ఎప్పుడూ ఎర్రగా, గోరింటాకు పాతబడ్డ రంగులో ఉండేవి. చింతపండు పెట్టి తోమినా గోళ్ళ సందుల్లో ఆ రంగు పోయేది కాదు. ఆదివారం చర్చి గుళ్ళో పాటల పుస్తకం పట్టుకున్నప్పుడు పక్కనున్న ఆడవాళ్ళు ఆ వేళ్ళ వైపు చూసి మూతి తిప్పుకునేవారు.

ఇంటికి ఎవరొచ్చినా ఆమె మొదట అనే మాట ఒకటే. "కూచోవాకండి, తడి." పాలామె వచ్చినా అదే, పిల్లవాడి మార్కుల గురించి అడగడానికి ఎవరి తండ్రో వచ్చినా అదే. వచ్చినవాళ్ళు గుమ్మం దగ్గర నిలబడే మాట్లాడి, నిలబడే కాఫీ తాగి, నిలబడే వెళ్ళిపోయేవారు. అయ్యవారింట్లో కుర్చీలు ఉండేది చూడటానికే అని ఊళ్ళో ఎగతాళి చేసేవారు. ఆమె మాట వినిపించుకోకుండా కూర్చున్నవాళ్ళ సంగతి ఇంకా బాగుండేది. లేస్తుంటే పంచె చర్రుమనేది. నూలు పోగులు కుర్చీకి అతుక్కుని మిగిలిపోయేవి. వాటి మీద ఆమె మళ్ళీ పాలిష్ పెట్టేది.

అదే నాకు మొదట్లో విచిత్రంగా తోచేది. రోజూ పాలిష్ పెట్టే ఇంట్లో నిగనిగలాడే సామాను ఒక్కటంటే ఒక్కటి లేదు. అన్నీ జిగటే. బల్ల మీద వేలిముద్రలు, బీరువా తలుపు మీద దుమ్ము, ఒక స్టూలు మీదైతే లక్కలో చిక్కుకుపోయిన చీమలు.

పని తెలియక అలా చేసేదా అంటే, అదీ కాదు. పులివెందుల నుంచి ఒక సాయిబు పనుల మీద ఆ ఊరికి వస్తూ పోతూ ఉండేవాడు. పెద్దవాళ్ళ ఇళ్ళలో, ఆఫీసుల్లో చెక్క సామానుకు పాలిష్ పెట్టడం ఆయన వృత్తి. ఆ నిషేధం రోజుల్లో స్పిరిట్ అడిగినవాళ్ళకల్లా ఇచ్చేవారు కాదు. ఆయనకు పర్మిట్ ఉండేది. ఈమెకు పని నేర్పింది ఆయనే, లక్క కలిపి తెచ్చిచ్చేదీ ఆయనే. పాత రంగును గాజు పెంకుతో గీకెయ్యడం, గరుకు ఉప్పుకాగితంతో రుద్దడం, చెక్క రంధ్రాల్లో సుద్దపొడి నింపడం, ఆ తర్వాత పల్చగా ఒక పూత, అది ఆరాక మళ్ళీ సన్నగా రుద్ది ఇంకో పూత. ఇవన్నీ ఆమెకు క్షుణ్ణంగా తెలుసు. వచ్చినప్పుడల్లా సాయిబు కుర్చీ మీద బొటనవేలు ఆనించి చూసి, అది అంటుకోగానే తల కొట్టుకునేవాడు.

"అమ్మా, నీ చెయ్యి శానా మంచిదమ్మా. తొందరే మంచిది గాదు. కిందిది ఆరకుండానే దాని మింద ఇంగొగటి కొడతాండావే! ఏం, బస్సు పోతాండాదా నీకి?"

"నువ్వు చెప్పేది నిజమే సాయబూ," అనేది ఆమె.

"నిజమైతే ఆరనియ్యి మల్ల! నాలుగు దినాలు దాన్ని ముట్టుకోవాకు. నీ కుర్చీలు చూసి, నేర్పించిన సాయిబు ఎవురని అడుగుతాండారు ఊర్లో. మొగం యాడ పెట్టుకోవాల నేను?"

ఆమె నవ్వేది. సాయిబు వీధి మలుపు తిరిగేలోపు గుడ్డ ఉండ మళ్ళీ చేతిలో ఉండేది.

ఒక సెలవు రోజు మధ్యాహ్నం మజ్జిగ కోసం వాళ్ళింట్లోకి వెళ్ళాను. ముందు గదిలో ఆమె, పొద్దున పాలిష్ పెట్టిన కుర్చీకే మళ్ళీ పెడుతోంది. వెనక గదిలో అయ్యవారు మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. వంటింట్లోకి పోవాలంటే ఆ గది దాటాలి. దాటేసరికి సారా కంపు గుప్పున కొట్టింది. ప్రొద్దుటూరులో మా ఇంటి వెనక దొడ్లో దొంగసారా దాచేవాళ్ళు, అది నాకు తెలియని వాసన కాదు. మజ్జిగ మాట మరిచిపోయి వెనక్కి వచ్చాను. ఆమె నా మొహం చూసింది. చెయ్యి మాత్రం ఆపలేదు.

"తెలిసిపాయ గదా నీకి?"

"తెలిసిందక్కా."

"ఎవురికన్నా చెప్తావా?"

"ఛ, ఎందుకు చెప్తాను!"

"చెప్తే ఏమైతాదో విను. ఆయప్ప ఉద్యోగం పోతాది. ఇల్లు బడోళ్ళది, ఇల్లూ పోతాది. పోలీసోళ్ళకు తెలిస్తే జైలు. లెక్కలు చెప్పేది దప్ప ఆయప్పకు ఇంగొగ పని చేతగాదు. మేము యాడికి పోతాం మే?" పేలికను మళ్ళీ గిన్నెలో ముంచింది. "పాలిష్ వాసన శానా గట్టిది. దేన్నైనా తొక్కేస్తాది."

తాగుబోతు అనగానే మనకు వీధిలో తూలుతూ, పెళ్ళాన్ని బాదేవాడు కళ్ళముందుకొస్తాడు. ఆయన ఆ రకం కాదు. గొంతెత్తి మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. భిన్నాలంటే భయపడి పారిపోయే పిల్లలు ఆయన చెబితే ఆడుతూ పాడుతూ నేర్చుకునేవారు. గండికోట కొండల వైపు నుంచి చాటుగా వచ్చే సారా, సెలవు వచ్చిందంటే తాగి, గుట్టుగా పడుకునేవాడు. తర్వాత తర్వాత సెలవు రోజులే కాకుండా మామూలు సాయంత్రాలూ అందులో చేరాయి. ఎందుకు తాగేవాడో నాకు తెలియదు. ఆమెకు తెలిసే ఉంటుంది.

స్పిరిట్ సీసాను ఆమె ట్రంకుపెట్టెలో పెట్టి తాళం వేసేది. తాళంచెవి నడుముకు దోపుకునేది. "దొరికితే అదీ తాగుతాడు. అది తాగి కండ్లు పోయినోళ్ళుండారు," అంది ఒకసారి, ఉప్పు అయిపోయిందని చెప్పినంత మామూలుగా. అంటే ఆయన్ని కాపాడే వస్తువును ఆయన నుంచే కాపాడుకోవాలి. ఆ ఇంట్లో ఆమె బతుకు అది.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఆమె అబద్ధం ఆడేది కాదు. నోటితో ఆడేది కాదు, అంతవరకు నేను ఒట్టేసి చెప్పగలను. ఆయన ఏడని ఎవరైనా అడిగితే పండుకోనుండాడు అనేది. వాసనేంటని అడిగితే స్పిరిట్ అనేది. రెండూ నిజాలే. ఆ రెండు నిజాలనూ సిద్ధంగా ఉంచుకోవడానికే కుర్చీ ఎప్పుడూ తడిగా ఉండాలి. నిన్నటి పాలిష్ ఈరోజు ఎవరి ముక్కుకూ తగలదు. సాయిబుకు అర్థం కాని తొందర అదీ.

మా బడికి ఒక మేనేజరు ఉండేవాడు. మేము ఆరాధనకు వెళ్ళే సంఘంలో పెద్ద కూడా ఆయనే. మల్లెపువ్వు లాంటి పంచె, దాని మీద ఈగను కూడా వాలనిచ్చేవాడు కాదు. ఒక ఆదివారం అయ్యవారు గుడికి రాలేదు. ఆరాధన అయిపోయాక, మేనేజరు చెవిలో ఎవరో ఏదో ఊదడం నేను చూశాను. ఆమె కూడా చూసింది. ఆ ఎండలో ఆమె వెనక నేను దాదాపు పరుగెత్తాల్సి వచ్చింది. ఇల్లు చేరి, పెట్టె తాళం తీసి, గుమ్మానికి దగ్గరగా ఉన్న చేతుల కుర్చీ మీద ఆమె పూత మొదలుపెట్టేసరికి గేటు చప్పుడైంది.

"ఏమ్మా, అయ్యవారు గుళ్ళో కనపళ్ళేదే?"

"పండుకోనుండాడు సార్."

"ఒంట్లో బాగలేదా?"

"ఇంగా లేయల్యా సార్."

"ఏందమ్మా ఈ వాసన! వీధిలోకి కొడతాండాదే."

"స్పిరిట్టు సార్. లక్కలో కలిపిండాది. సూడండి." అని తడి గుడ్డ ఉండను ఏకంగా ఆయన ముక్కు దగ్గర పెట్టింది. ఆయన ఒక్కసారిగా వెనక్కి తగ్గాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ పూటకు ఆయన ముక్కు పేడకూ పన్నీరుకూ తేడా చెప్పగలిగే స్థితిలో లేదు. ఉక్కిరిబిక్కిరై దగ్గుతూ, చేతికి అందిన కుర్చీలో కూలబడ్డాడు. అది ఆమె అప్పుడే పూత పెట్టిన కుర్చీ.

"కూచోవాకండి సార్!" అందామె. అప్పటికే ఆలస్యమైంది.

సరిగ్గా అప్పుడే లోపల మంచం కిర్రుమంది. అయ్యవారు ఏదో గొణిగాడు. ఆ గొంతు ముద్దగా ఉంది. మేనేజరు దగ్గు ఆపి చెవులు రిక్కించాడు. "మేలుకొన్నట్లుండాడు. ఒకసారి పలకరించి పోతా," అని లేవబోయాడు. అడ్డం చెప్పడానికి ఆమె దగ్గర మూడో నిజం లేదు. నేనైతే ఏదో ఒక అబద్ధం చెప్పేదాన్నే, ఆ క్షణంలో నాకు ఒక్కటీ తట్టలేదు.

మేనేజరు లేవలేకపోయాడు. పంచె పట్టుకుంది. ఒక చెయ్యి కుర్చీ చేతికి అతుక్కుంది. చెయ్యి ఊడబెరుక్కుని, సగం లేచి, వెనక్కి చూసుకుని, చర్రుమనే చప్పుడుతో మొత్తానికి బయటపడ్డాడు. తెల్లటి పంచె మీద, కూర్చున్న మేరకు, ఎర్రటి మచ్చ. ఆడవాళ్ళం ఇద్దరం ఎదురుగా ఉన్నాం. ఆయన మొహం కూడా అదే రంగుకు తిరిగింది. కండువా తీసి వెనక అడ్డం పెట్టుకుని, "రేపు బడిలో కలుస్తాలే," అని, మాకు వీపు చూపించకుండా గేటు దాకా వెనక్కి వెనక్కి నడిచి వెళ్ళిపోయాడు.

నవ్వు ఆపుకోలేక నేను గోడను పట్టుకున్నాను. తిరిగి చూస్తే ఆమె నేల మీద కూర్చుని ఏడుస్తోంది. గుడ్డ ఉండ ఇంకా చేతిలోనే ఉంది. నా నవ్వు అక్కడే ఆగిపోయింది.

ఆ రోజు నుంచి ఊళ్ళో ఆమె పాలిష్ పిచ్చికి సాక్షి స్వయంగా మేనేజరే. సారా మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. కొన్నాళ్ళకు ఆయనే కబురు పెట్టాడు, గుళ్ళో రొట్టె, ద్రాక్షరసం పెట్టే ప్రభువు బల్ల రంగు వెలిసింది, అయ్యవారమ్మ పాలిష్ పెట్టాలని. ఆమె పెట్టనంది. ఎంతమంది అడిగినా పెట్టనంది. మొగుడు హెడ్మాస్టరని పొగరు అన్నారు. నాకూ అర్థం కాక అడిగాను.

"ఇది దాచిపెట్టే పాలిష్ మే," అంది. "దేవుని బల్లకు వద్దు."

తర్వాత రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకు మారింది. మేము ఉన్నచోటే ఉన్నాం. అయ్యవారి చేతుల్లో సన్నటి వణుకు వచ్చింది, బోర్డు మీద అంకెలు వంకర పోయేవి. పూతల మీద పూతలతో ఇంట్లో కుర్చీలు బరువెక్కాయి. ఒకరోజు తెల్లవారి ఆమె నా తలుపు తట్టింది. "ఆయప్ప పోయినాడు," అంది. వెళ్ళి చూశాను. మంచం మీద ఎప్పటిలాగే గోడవైపు తిరిగి ఉన్నాడు. గది నిండా అదే వాసన. ఒంటికి స్నానం చేయించి, తెల్లబట్టలు తొడిగి, ఊదొత్తులు వెలిగించినా పోలేదు.

శవప్పెట్టె వచ్చింది. వడ్రంగి అప్పటికప్పుడు కొట్టిన పచ్చి చెక్క. మామూలుగా దానికి నల్లగుడ్డ చుడతారు. ఆమె వద్దంది. కొంగు నడుముకు బిగించింది. ట్రంకుపెట్టె తాళం తీసింది. జనం వచ్చేలోపు, మొగుడి శవం పక్కన కూర్చుని, పెట్టెకు లోపలా బయటా పాలిష్ పెట్టింది. నేను గిన్నె పట్టుకుని పక్కన నిలబడ్డాను. వచ్చినవాళ్ళు ముక్కుకు గుడ్డ అడ్డం పెట్టుకున్నారు. పాపం, మొగుడు పోయిన బాధలో మతి చలించింది అనుకున్నారు. పిచ్చి అన్నవాళ్ళూ ఉన్నారు. సారా అన్నవాళ్ళు ఒక్కరూ లేరు.

మేనేజరు ప్రార్థన చేశాడు. మచ్చలేని జీవితం గడిపిన ఉపాధ్యాయుడు, మత్తు పదార్థం ముట్టని భక్తుడు అన్నాడు. అందరూ ఆమేన్ అన్నారు. నేను ఆమె పక్కనే ఉన్నాను. ఆమె పెదవులు కదపలేదు. పెట్టె మోసినవాళ్ళ వేలిముద్రలు దాని మీద అచ్చుపడ్డాయి, దారిలో రేగిన దుమ్మంతా దానికే అంటుకుంది. గుంటలోకి దించేటప్పుడు కూడా అది తడిగానే ఉంది.

ఇల్లు ఖాళీ చేయడానికి బడివాళ్ళు ఎండాకాలం సెలవులు ముగిసేదాకా గడువిచ్చారు. ఆ తర్వాత పులివెందులలో అన్న ఇంటికి పోవాలి. స్పిరిట్ సీసాను ఆమె ట్రంకుపెట్టెలోంచి తీసి కిటికీలో పెట్టింది. దాని మీద ఎండ పడుతుంటే నాకు అదోలా ఉండేది. ఇంతకాలం అది వెలుగు చూడగా నేను చూసింది తక్కువ.

మంచం తప్ప మిగతా సామానంతా ఎవరెవరికో ఇచ్చేసి, మేనేజరును పట్టేసుకున్న ఆ చేతుల కుర్చీని మాత్రం ఆమె ముందేసుకుంది. గాజు పెంకుతో గీకడం మొదలుపెట్టింది. పొరలు పొరలుగా లక్క ఊడి వచ్చింది. అందులో ఎవరెవరి పంచె పోగులో, వేలిముద్రలో. అడుగున టేకు చెక్క కనిపించినప్పుడు నేను ఆశ్చర్యపోయాను. అన్నేళ్ళు చూశాను, అది టేకని నాకు తెలియదు. తర్వాత ఉప్పుకాగితం. తర్వాత సుద్ద. తర్వాత ఒక పల్చటి పూత. అంతే, చేతులు కడుక్కుని లేచిపోయింది. మర్నాడు దాన్ని ముట్టుకోలేదు. ఆ మర్నాడూ ముట్టుకోలేదు. నాకే ఉండబట్టక, "ఇంకో పూత పెట్టవా అక్కా?" అని అడిగితే, "ఆరనీ," అంది. ఆ మాట ఆమె నోట వినడం అదే మొదలు. ఒక్కో పూతా ఆరేదాకా వసారాలో నాతో తీరిగ్గా కూర్చుని వేరుశనక్కాయలు ఒలిచింది. గుమ్మం తలుపులు తెరిచే ఉన్నాయి. ఎవరైనా గేటు తీస్తే ఆమె ఉలిక్కిపడటం లేదు. ఆమె సుఖపడుతోందని అనడానికి నాకు నోరు రాదు, మొగుడి మీద ఆమెకు ప్రాణం. కానీ ఆ వేసవిలో ఆమెను చూస్తే నాకు కడుపు నిండినట్టుండేది.

సెలవుల చివర్లో పలకరించడానికి సాయిబు వచ్చాడు. ఇంట్లో ఉన్న ఒక్కగానొక్క కుర్చీ ముందు ఆగిపోయాడు. కిటికీ, దానిలోని సీసా, సాయిబు గడ్డం, అన్నీ ఆ చెక్కలో కనిపిస్తున్నాయి. అలవాటు కొద్దీ బొటనవేలు ఆనించాడు. వేలు నున్నగా జారింది. వేలిముద్ర పడలేదు.

"యా అల్లా," అన్నాడు. "ఇప్పుడు నేర్చుకున్నావమ్మా పని."

"అప్పుడే నేర్చుకున్నా సాయబూ. ఆరేదాంకా ఆగేదానికి ఈలు ల్యాకపాయ."

సాయిబు ఆమె వైపు చూశాడు. తర్వాత వెనక గదిలోని ఖాళీ మంచం వైపు, కిటికీలోని సీసా వైపు చూశాడు. ఇన్నేళ్ళ కోపం ఆయన మొహంలోంచి మెల్లగా దిగిపోవడం నేను చూశాను. ఆ ఇంటికి వచ్చినప్పుడల్లా అలవాటైనట్టు, గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాడు.

ఆమె కుర్చీని రెండు చేతులా ఎత్తి తెచ్చి ఆయన ముందు పెట్టింది.

"కూచో సాయబూ," అంది. "ఆరింది."